రూన్‌ల లాంటి సొంత లిపి చేసుకుంటున్నా, వారం తర్వాత నా రాత నేనే చదవలేకపోతున్నా

నీలిగీత

అందరికీ నమస్తే. ఒక కల్పిత లోకం గురించి చాలా రోజులుగా కథలు రాసుకుంటున్నాను. మ్యాపులు, కోటల పేర్లు, రాజుల వంశాలు అన్నీ ఒకే నోట్‌బుక్‌లో ఉన్నాయి. అక్కడి మనుషులు కర్ర మీద, రాయి మీద చెక్కుకునే లిపి ఒకటి ఉండాలని, అదే లిపిలో నా డైరీ కూడా తెలుగులోనే రాసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. పాత నార్స్ రూన్‌లంటే, అంటే ఉత్తర యూరప్ వాళ్లు పూర్వం చెక్కుకున్న అక్షరాలంటే, నాకు విపరీతమైన ఇష్టం, ఆ నిటారు గీతలు, పక్కకి విరిగిన కొమ్మలు చూస్తే చలిదేశంలో ఎవరో కత్తితో ఇప్పుడే చెక్కి పక్కన పెట్టినట్టు ఉంటుంది.

ఎల్డర్ ఫుథార్క్ అనే అన్నిటికంటే పాత రూన్‌ల వరసలో ఉన్న 24 అక్షరాలని తీసుకుని తెలుగు అక్షరాలకి ఒక్కోటి కేటాయించడం మొదలుపెట్టాను. త్వరగానే అయిపోయాయి. అప్పుడు ఉన్నవాటినే తిప్పి, తలకిందులు చేసి, ఇంకో గీత కలిపి మొత్తం 52 చేశాను. గుణింతాలకి విడిగా గుర్తులు, వత్తులకి ఇంకో రకం గుర్తులు. కాగితం మీద పట్టికగా చూస్తే చాలా బాగుంది. కానీ దాంతో ఒక పేజీ డైరీ రాసి వారం ఆగి తెరిస్తే సగం మాటలు చదవలేకపోయాను. డ ఏదో ద ఏదో తెలియదు, త తిరగేస్తే ల అవుతోంది. పైగా చూసినవాళ్లు "ఇవి రూన్‌లే కదా, నువ్వు చేసిందేముంది" అంటున్నారు, అది కూడా నిజమే.

మొదటినుంచి మళ్లీ చేయడానికి నాకేం ఇబ్బంది లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఆకారాలు ముందా, శబ్దాలు ముందా? వత్తుల్ని ఏం చేయాలి? ఫోన్‌లో టైప్ చేసుకునే దారి కూడా ఉంటే ఇంకా సంతోషం.

ఉలిమొన

మీరు పెన్ను పక్కన పెట్టి ముందు ఒక చిన్న కత్తి తీసుకోండి. సలహాగా మాత్రమే అనడం లేదు, నేను అలాగే నేర్చుకున్నా.

రూన్‌లలో అడ్డగీతలు ఎందుకు ఉండవో చదివే ఉంటారు, చెక్కలో నార అడ్డంగా పోతుంది కాబట్టి అని. చదవడం వేరు, చేతికి తెలియడం వేరు. ఒక ఐస్‌క్రీమ్ పుల్ల తీసుకుని పొడవుగా మీ ముందు పెట్టుకోండి. దాని నార ఎడమ నుంచి కుడికి ఉంటుంది. ఇప్పుడు నిలువుగా ఒక గీత కోయండి. ఒక గీతంటే నిజానికి రెండు కోతలు, ఒకటి కుడివైపు నుంచి ఏటవాలుగా, ఒకటి ఎడమవైపు నుంచి, రెండూ అడుగున కలిస్తే సన్నటి పొట్టు లేచి వస్తుంది, కింద శుభ్రమైన గాడి మిగులుతుంది. ఏటవాలు కొమ్మ కూడా అంతే బాగా వస్తుంది. అదే కత్తితో అడ్డగీత కోయండి చూద్దాం. కత్తి నార వెంట జారుకుంటూ మీరు ఆపుదామనుకున్న చోట ఆగదు, లేకపోతే పుల్ల చీలుతుంది, అదీ కాకపోతే గీత నారలో కలిసిపోయి కంటికే ఆనదు. గుండ్రంగా కోయబోతే వంపులో సగం బాగానే వచ్చి నార దిశకి తిరిగే చోట జారిపోతుంది. (రాళ్ల మీద చెక్కిన వాటిలో వంపులు బాగానే కనిపిస్తాయి, రాయికి నార లేదు కదా.)

మన తెలుగు అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండటానికి తాటాకు మీద గంటంతో రాయడం కారణమని చెబుతారు, ఆకు ఈనెల వెంట గీత లాగితే చీలుతుందని. అక్కడ ఆకు, ఇక్కడ కర్ర. రెండు చోట్లా రాసే వస్తువే అక్షరాన్ని మలిచింది. మీరు తెలుగు శబ్దాలకి కర్ర ఆకారాలు ఇస్తున్నారు, నాకైతే అందులోనే అసలు ఆనందం కనిపిస్తోంది.

అందుకని మీ 52 ఆకారాలూ ఒక్కసారి పుల్లల మీద కోసి చూడండి. ఏవి ఉండాలో ఏవి పోవాలో చర్చ అక్కర్లేదు, కత్తే చెప్పేస్తుంది. మూడు కంటే ఎక్కువ గీతలున్న అక్షరాన్ని పదోసారి కోసేటప్పుడు మీకే విసుగొస్తుంది, విసుగొచ్చిన చోట చేయి దానంతట అదే ఏదో ఒక గీత ఎగ్గొడుతుంది. ఆ ఎగ్గొట్టిన ఆకారాన్ని ఉంచేయండి. "ఇవి రూన్‌లే కదా" అన్నవాళ్లకి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది, ఎందుకంటే అప్పుడొచ్చిన ఆకారం మీ చేతిది.

అచ్చుహల్లు

శబ్దాలు ముందు, నా వరకు అందులో అనుమానమే లేదు. మీరు చేసిన పొరపాటు తెలుగు లిపిని మార్చబోవడం. గుర్తుల్లోకి మార్చాల్సింది తెలుగు శబ్దాల్ని. గుణింతం, వత్తు, సున్న ఇవన్నీ మన లిపి పెట్టుకున్న పద్ధతులు, మాట్లాడేటప్పుడు నోట్లో ఉండేవి అచ్చులూ హల్లులే. రూన్‌లలో అచ్చు కూడా హల్లు లాగే వరసలో విడిగా నిలబడుతుంది. మీరు కూడా అలాగే చేస్తే గుణింతాల గుర్తులన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

లెక్క వేసి చూద్దాం. అ ఇ ఉ ఎ ఒ, అచ్చులు 5. హల్లులు క గ చ జ ట డ త ద న ప బ మ య ర ల వ శ స హ, ఇవి 19. మొత్తం 24. ఇది నేను కావాలని తెచ్చిన సంఖ్య కాదు, రాసుకుంటూ పోతే అలా వచ్చింది, ఎల్డర్ ఫుథార్క్ లాగే ఎనిమిదేసి చొప్పున మూడు వరసలు. నాకే ఆశ్చర్యం వేసింది.

మిగిలినవాటికి రెండే గుర్తులు చాలు. మొదటిది చుక్క. క మీద చుక్క పెడితే ఖ, గ మీద పెడితే ఘ, ప మీద పెడితే ఫ. న, ల, శ లకి ఒత్తు పలికే రూపం లేదు కాబట్టి అదే చుక్కని అక్కడ న ని ణ గా, ల ని ళ గా, శ ని ష గా మార్చడానికి వాడొచ్చు, ఎక్కడా గుద్దుకోదు. ఈ చుక్క ఆలోచన కూడా రూన్‌ల చరిత్రలోదే. వైకింగుల కాలానికి 24 అక్షరాలు 16కి తగ్గిపోయాయి, భాషలో శబ్దాలేమో పెరిగాయి. దాంతో క, గ లకి ఒకటే రూన్, త, ద లకి ఒకటే, ఉ ఒ వ లకి కూడా ఒకటే. చదివేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. తర్వాత మధ్యయుగంలో వాళ్లే చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు, క రూన్‌కి చుక్క పెడితే గ అయ్యేలా.

రెండో గుర్తు పాదం. అంటే నిలువు గీత అడుగున పక్కకి ఒక చిన్న ఏటవాలు కోత. అచ్చుకి పాదం పెడితే దీర్ఘం, హల్లుకి పెడితే ద్విత్వం. రెండిట్లోనూ జరిగేది శబ్దాన్ని సాగదీయడమే కాబట్టి ఒకే గుర్తు సరిపోతుంది. పడు అంటే ప అ డ ఉ. అందులో అ కి పాదం పెట్టండి, పాడు అయింది. గ అ డ ఇ రాస్తే గడి, డ కి పాదం పెడితే గడ్డి. కల, కల్ల, కాల, మూడింటికీ అవే అక్షరాలు, పాదం చోటు మారుతుందంతే.

ఒక్క విషయంలో మాత్రం రూన్‌ల అలవాటు మీకు పనికిరాదు. పాత శాసనాల్లో హల్లు ముందు వచ్చే న, మ లని తరచూ వదిలేసేవాళ్లు. స్మారకచిహ్నం అనే అర్థం ఉన్న కుంబ్ల్ అనే మాట చాలా రాళ్ల మీద కుబ్ల్ అనే కనిపిస్తుంది. రెండు ఒకే అక్షరాలు పక్కపక్కన వస్తే ఒకటే చెక్కేవాళ్లు. తెలుగులో ఆ పని చేస్తే పండు కాస్తా పడు అవుతుంది, గడ్డి కాస్తా గడి అవుతుంది. సున్న వచ్చిన ప్రతిచోటా న గానీ మ గానీ పూర్తిగా రాయండి.

తక్కువ గీతలున్న ఆకారాలు ఎక్కువ వచ్చే శబ్దాలకి ఇవ్వండి. ఒంటి నిలువు గీత రూన్‌లలో ఇ శబ్దానిది, ఐసజ్ అంటే మంచు. మీ లిపిలో దాన్ని అ కి ఇచ్చేయండి, అన్నిటికంటే ఎక్కువసార్లు గీయాల్సింది అదే. తర్వాత ఉ, మన మాటలు చాలావరకు దాంతోనే ముగుస్తాయి.

ఖాళీగడి

పైన చెప్పిన పద్ధతి నాకు నచ్చింది కానీ ప్రతి అ నీ రాయడం దగ్గర ఒప్పుకోలేను. కలవరం అనే మాట తెలుగులో నాలుగు అక్షరాలు, సున్నతో ఐదు గుర్తులు. ఆ పద్ధతిలో తొమ్మిది చెక్కాలి. పుల్ల మీద తొమ్మిది అంటే చాలా. హల్లు ఒంటరిగా ఉంటే అందులో అ ఉన్నట్టే అనుకుని, అచ్చు లేని చోట మాత్రం పొల్లుగా ఒక గుర్తు పెట్టుకోవచ్చు కదా. నేను నా లిపిలో అలాగే చేశాను, పేజీకి చాలా చోటు మిగిలింది.

అచ్చుహల్లు

చోటు మిగలడం నిజం. కానీ పొల్లు గుర్తు ఒక్కచోట మర్చిపోయినా మాటే మారిపోతుంది, నీలిగీత గారి అసలు బాధ తన రాత తనకి చదవడం రాకపోవడం. డైరీకైతే అ రాయమనే చెబుతా. ఉంగరం మీదో కత్తి పిడి మీదో చెక్కేటప్పుడు కావాలంటే వదిలేయొచ్చు, చోటు లేనప్పుడు కుదించడం రూన్‌లు చెక్కినవాళ్లు కూడా చేశారు, రెండు అక్షరాలకి ఒకే నిలువు గీత పెట్టి కలిపేసేవాళ్లు. బ్లూటూత్ గుర్తు అలాంటిదే, హరాల్డ్ బ్లూటూత్ రాజు పేరులోని హ, బ రూన్‌లు రెండూ ఒకే గీత మీద ఉంటాయి.

పాతరాత

ఆలస్యంగా చూశాను. శబ్దాల సంగతి బాగా చెప్పారు. నేను పేర్ల గురించి, ఒక జాగ్రత్త గురించి చెబుతా.

మీరు చేసింది మర్చిపోతున్నారంటే మీ అక్షరాలకి పేర్లు లేవన్నమాట. ప్రతి రూన్‌కీ ఒక పేరుంది, ఆ పేరు మొదటి శబ్దమే (ఒకటి రెండిట్లో తప్ప) దాని శబ్దం. ఫెహు అంటే పశువులు, సంపద. ఉరుజ్ అంటే అడవి ఎద్దు. హగలజ్ వడగళ్లు, లగుజ్ నీళ్లు, దగజ్ పగలు. ఎల్డర్ ఫుథార్క్ పేర్లు తర్వాతి కాలపు పేర్లని బట్టి భాషావేత్తలు మళ్లీ కట్టినవి, కానీ పద్ధతి పాతదే. ఫెహు, మన పశువు ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని తెలిసిన రోజు నాకు ఆ మొదటి అక్షరం చుట్టంలా అనిపించింది.

పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి పద్యాలుంటాయి కదా, రూన్‌లకీ ఉన్నాయి. నార్వే పద్యం మొదటి పాదం, సంపద బంధువుల మధ్య తగువు పెడుతుంది అని. మీ లోకంలో ఏముంటాయో అవే పేర్లు పెట్టండి. గ కి గద్ద, న కి నది, మ కి మంచు, ఏది మీ కథలో బరువుగా ఉంటే అది. ఒక్కో పేరుకి ఒక్కో పద్యపాదం రాసుకోండి. ఆకారం కూడా పేరుకి దగ్గరగా వస్తే ఇక మర్చిపోవడం జరగదు, గద్ద రెక్క విప్పినట్టు కొమ్మ పైకి, నది అయితే కొమ్మ కిందికి. వరస కూడా మీదే పెట్టుకోండి. ఫుథార్క్ అనే పేరు మొదటి ఆరు రూన్‌లు కలిపి పలికితే వచ్చింది, అ ఆ ఇ ఈ లా మనం మొదలెట్టినట్టు కాదు. వరస పూర్తిగా చెక్కి ఉన్న అతి పాత రాయి గాట్లండ్ దీవిలోని కిల్వర్ రాయి, దాదాపు 400 సంవత్సరం నాటిది. మీరు కూడా మొదటి పనిగా వరసంతా ఒక కర్ర మీద చెక్కుకోండి.

మూడు వరసలు వచ్చాయి కాబట్టి మీకు ఇంకో వరం దొరికింది. ఒక నిలువు గీత గీసి ఎడమవైపు కొమ్మలు ఎన్నో వరసో, కుడివైపు కొమ్మలు ఆ వరసలో ఎన్నో అక్షరమో చెప్పేలా రాస్తే అది రహస్య లిపి. ఎడమ రెండు, కుడి ఐదు అంటే రెండో వరసలో ఐదో అక్షరం. నార్స్ వాళ్లు నిజంగానే ఇలా రాశారు. స్వీడన్‌లోని రోక్ రాయి సుమారు 800 నాటిది, 760 దాకా అక్షరాలున్నాయి, అందులో కొంత భాగం ఇలాంటి గూఢలిపే. చనిపోయిన కొడుకు వామోడ్ కోసం తండ్రి వారిన్ చెక్కించిన రాయి అది, మొత్తంగా దాని అర్థమేంటో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

జాగ్రత్త సంగతి. ద్విత్వానికి అక్షరాన్ని రెండుసార్లు రాద్దామని ఎప్పుడైనా అనిపిస్తే స విషయంలో దయచేసి ఆగండి. మెరుపులా ఉండే సొవిలో, అంటే సూర్యుడి రూన్, దాన్ని పక్కపక్కన రెండు పెడితే నాజీల ఎస్‌ఎస్ దళం గుర్తు. తెలుగులో స్స తో మాటలు చాలానే ఉన్నాయి, మీరు మామూలుగా డైరీలో రాసుకున్న తస్సాదియ్యా కూడా చూసినవాళ్లకి వేరేగా కనిపిస్తుంది. పాదం పద్ధతిలో ఈ గొడవ లేదు. అయినా స కి వేరే ఆకారం చేసుకోవడం మేలు. ఓథలన్ రూన్‌ని కూడా వాళ్ల దళాలు గుర్తుగా పెట్టుకున్నాయి, దాన్నీ వదిలేయండి. ఆ అక్షరాలు చేసిన పాపం ఏమీ లేదు, చూస్తే బాధే, కానీ చూసేవాళ్లకి జరిగినది గుర్తొస్తుంది.

ఇంకొక్కటి. రూన్‌లంటే మంత్రాలు, జోస్యం అనే మాటలు చాలా వినిపిస్తాయి, అందులో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో అల్లినవి. నాకైతే 1955 అగ్నిప్రమాదం తర్వాత నార్వేలో బెర్గెన్ రేవు తవ్వకాల్లో దొరికిన పుల్లలంటే ప్రాణం. దాదాపు 670 రాతలు, సరుకు మూటల మీద యజమాని పేర్లు, లెక్కలు, ప్రేమ మాటలు. ఒక పుల్ల మీద "గ్యుదా నిన్ను ఇంటికి రమ్మంటోంది" అని ఉంది. అంతే. అలాంటి రాతలకి వాడిన లిపి అది. మీ డైరీ కూడా ఆ కోవలోదే.

ఖాళీగడి

టైపింగ్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. కంప్యూటర్లు, ఫోన్లలో ప్రతి అక్షరానికీ ఒక స్థానం ఇచ్చే యూనికోడ్‌లో రూన్‌లు 1999 నుంచి ఉన్నాయి, కానీ మీ ఆకారాలు వేరు కాబట్టి అవి పనికిరావు. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరే ఫాంట్ చేసుకోవచ్చు. సొంత లిపుల కోసమే అన్నట్టు యూనికోడ్ 6,400 స్థానాలు ఖాళీగా వదిలింది, ప్రైవేట్ యూజ్ ఏరియా అంటారు, అక్కడ మీ 24 పెట్టుకుంటే శుద్ధంగా ఉంటుంది. ఇబ్బందేంటంటే మీ ఫాంట్ లేని ఫోన్‌లో అవి ఖాళీ డబ్బాల్లా కనిపిస్తాయి, కీబోర్డ్ కూడా విడిగా చేసుకోవాలి. మొదట్లో తేలికైన దారి, ఇంగ్లిష్ కీబోర్డ్‌లో కె నొక్కితే మీ క వచ్చేలా ఆ స్థానాల్లోనే మీ ఆకారాలు పెట్టేయడం. పాదం ఉన్న అక్షరాల్ని పెద్దబడి అక్షరాల స్థానంలో పెట్టండి.

తొందరపడి మాత్రం ఫాంట్ చేయకండి. నేను రెండో వారంలోనే చేసేశాను, ఆ తర్వాత ఆకారాలు మారుతూనే ఉన్నాయి, ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి. ఒక నోట్‌బుక్ నిండేదాకా చేత్తో రాయండి.

నీలిగీత

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత వివరంగా రాస్తారని అస్సలు అనుకోలేదు. పది రోజులు పట్టింది మళ్లీ వచ్చి రాయడానికి.

ఉలిమొన గారూ, పుల్లలు కోశాను. 52లో 31 మొదటి సాయంత్రమే పోయాయి. జ కి నేను అడ్డగీత పెట్టుకున్నా, అది కోస్తుంటే పుల్ల నిలువునా చీలింది, మీరు రాసింది అప్పుడు అర్థమైంది. ఇప్పుడు అడ్డగీత ఒక్కటి కూడా లేదు.

24 అక్షరాలే పెట్టుకున్నా, అ కి ఒంటి గీత. అ ని వదిలేయడం కూడా ప్రయత్నించాను, రెండు రోజులు బాగానే ఉంది కానీ వెనక్కి చదివేటప్పుడు తడబడ్డాను, అందుకే డైరీలో అన్నీ రాస్తున్నా. పుల్లల మీద మాత్రం వదిలేస్తున్నా, ఖాళీగడి గారిది అక్కడ సరిగ్గా సరిపోయింది. పేర్లు 17 అయ్యాయి. వ కి వంతెన, ర కి రంపం, హ కి ఇంకా ఏదీ దొరకలేదు, హ తో నా లోకంలో పెద్ద వస్తువేదీ లేదని ఇప్పుడే తెలిసింది, కాబట్టి కథలోకే ఒకటి తీసుకురావాలి.

వారం క్రితం రాసిన పేజీ నిన్న రాత్రి తీశాను. తడుముకోకుండా చదివాను, రెండు చోట్ల తప్ప. ఆ రెండూ ద దగ్గరే, డ లాగే కనిపించింది, రెండిటికీ కొమ్మ కుడివైపు పైనే ఉంది. ద కొమ్మని నడుముకి దించి, ఒక పుల్ల మీద "ఎద్దు గడ్డి మేసింది" అని ఇప్పుడే కోశాను. ఈసారి తేడా తెలుస్తోంది.